ఈలై మ్యానింగ్‌కు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూయార్క్ జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ ఈలై మ్యానింగ్ 2020 జనవరిలో ఆటకు స్వస్తి చెప్పాడు. అమెరికన్ ఫుట్‌బాల్ మహామహుల గౌరవ మందిరమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి చోటు దక్కాలా అని ఆ రోజు మొదలైన వాదన ఇంకా తెగలేదు. జెయింట్స్ పేరుకు న్యూయార్క్ జట్టే గానీ ఆడేది న్యూజెర్సీలోని ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో. ఆ రాష్ట్రంలో స్థిరపడ్డ తెలుగువాళ్లు ఎక్కువ కాబట్టి మన భాషలోనూ ఈ ప్రశ్నలు తరచూ వినిపిస్తుంటాయి. అన్నిటికీ ఒకేచోట జవాబులు ఇవి.

ఒక్క మాటలో చెప్పండి. దక్కాలా, వద్దా?

దక్కాలి. అయితే మొదటి ఏడాదే దక్కకపోవడాన్ని మేం అన్యాయం అనుకోవడం లేదు. అతని కెరీర్‌లో రెండు శిఖరాలున్నాయి, వాటి చుట్టూ చాలా మామూలు నేల ఉంది. ఆ శిఖరాల ఎత్తు ఎంతో తేల్చుకుంటే మిగతా వాదన సగం తేలిపోతుంది.

నాకు అమెరికన్ ఫుట్‌బాల్ అంతగా తెలియదు. ఏ మాటలు తెలిస్తే చాలు?

క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి అందుకుని, విసరాలో పక్కవాడి చేతిలో పెట్టాలో నిర్ణయించేవాడు. బంతి పది గజాలు ముందుకు జరపడానికి జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. 'థర్డ్ అండ్ 5' అంటే మూడో ప్రయత్నం, ఇంకా 5 గజాలు కావాలని. బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్. విసిరిన బంతిని ఎదుటి జట్టు పట్టుకుంటే ఇంటర్‌సెప్షన్. విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొడితే సాక్. ఎదుటివాళ్లను ఆపే ఆటగాళ్ల బృందం డిఫెన్స్. రెగ్యులర్ సీజన్ అయ్యాక జరిగే నాకౌట్ మ్యాచ్‌లు ప్లేఆఫ్స్, వాటిలో ఆఖరిది సూపర్ బౌల్. ఇంతే.

ఎవరు ఓటు వేస్తారు? లెక్క ఎలా ఉంటుంది?

హాల్ ఆఫ్ ఫేమ్ ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ ఊళ్లో ఉంది, 1963లో తెరిచారు. ఎంపిక కమిటీలో 50 మంది ఉంటారు, ఎక్కువమంది క్రీడా విలేఖరులే. ఆటగాడు ఆట ఆపి ఐదు పూర్తి సీజన్లు గడిస్తేనే అతని పేరు పరిశీలనకు వస్తుంది. ఈలై ఆఖరి సీజన్ 2019, అందుకే 2025 బృందానికి మొదటిసారి అర్హుడయ్యాడు.

పేర్ల జాబితాను విడతల వారీగా కోస్తూ 25 మంది సెమీఫైనలిస్టులకు, తర్వాత 15 మంది ఫైనలిస్టులకు కుదిస్తారు. జనవరి సమావేశంలో ఒక్కో ఫైనలిస్టు గురించి ఒక సభ్యుడు మాట్లాడతాడు, చర్చ జరుగుతుంది. 15 నుంచి 10కి, 10 నుంచి 7కి తగ్గిస్తారు. ఆఖరి విడతలో ప్రతి సభ్యుడూ ఆ ఏడుగురిలో ఐదుగురికి ఓటు వేయాలి. 80 శాతం, అంటే 50 మందిలో 40 మంది ఓటు పడితేనే లోపలికి. ఎక్కువలో ఎక్కువ ఐదుగురు, తక్కువలో తక్కువ ముగ్గురు.

2025 బృందం నుంచి అమలైన ఈ పద్ధతి ఎంత బిగువుగా ఉందో కాగితం మీద చూడండి. 50 మంది తలా ఐదు ఓట్లు వేస్తే మొత్తం 250. ఏడుగురికీ సమానంగా పంచితే తలా 35 పైచిలుకు, అంటే ఒక్కరికీ 40 రావు. ఐదుగురికీ 40 చొప్పున రావాలంటే అందులో 200 పోతాయి, మిగిలిన ఇద్దరికీ కలిపి 50 మించకూడదు. సభ్యుల మధ్య అంత ఏకాభిప్రాయం కుదరడం కష్టం. అంతకుముందు చివరి ఐదుగురిని తేల్చి, ఒక్కొక్కరికీ విడిగా అవును, కాదు అని ఓటు వేసేవారు. ఒకరి ఓటు ఇంకొకరి ఓటును తినేది కాదు. ఇప్పుడు తింటోంది. అభిప్రాయ భేదం ఉన్న ఆటగాడికి ఈ మార్పు పెద్ద దెబ్బ, ఈలై సరిగ్గా అలాంటి ఆటగాడే.

2025లో ఎందుకు రాలేదు?

ఫైనలిస్టు దాకా వచ్చాడు, చివరి ఏడుగురిలో లేడు. ఆ ఏడాది నలుగురే ఎంపికయ్యారు: ఆంటోనియో గేట్స్, జారెడ్ ఆలెన్, ఎరిక్ ఆలెన్, సీనియర్ విభాగంలో (ఆట మానేసి 25 ఏళ్లు దాటినవాళ్లకు) స్టెర్లింగ్ షార్ప్. 2026లో డ్రూ బ్రీస్, లారీ ఫిట్జ్‌జెరాల్డ్ తొలి ఏడాదే వచ్చి లోపలికి వెళ్లిపోయారు, ఈలై మళ్లీ బయటే ఉండిపోయాడు. బ్రీస్ పక్కన నిలబడితే ఏ క్వార్టర్‌బ్యాక్ అంకెలైనా చిన్నబోతాయి. 80,358 గజాలు మరి.

117 గెలుపులు, 117 ఓటములు. సగానికి సగం ఓడినవాడికి హాల్ ఆఫ్ ఫేమ్ ఏంటి?

అందరూ మొదట అడిగేది ఇదే, అడగాల్సిందే కూడా. రెగ్యులర్ సీజన్‌లో అతను మొదటి నుంచి బరిలోకి దిగిన మ్యాచ్‌ల లెక్క 117-117. 2019 డిసెంబరు 15న మయామీ మీద గెలిచి లెక్క సమం చేశాడు, అదే అతని ఆఖరి మ్యాచ్.

ఈ అంకెను రెండు ముక్కలుగా విడగొట్టండి. 2004 నుంచి 2012 వరకు 78 గెలుపులు, 57 ఓటములు. 2013 నుంచి 2019 వరకు 39 గెలుపులు, 60 ఓటములు. ఇద్దరు వేర్వేరు మనుషుల లెక్కలా ఉంది. రెండో ముక్కలో జట్టు మొత్తం కూలిపోయింది. ముందున్న రక్షణ వరస బలహీనపడింది, 2015 సీజన్ తర్వాత కోచ్ టామ్ కాఫ్లిన్ వెళ్లిపోయాడు, డిఫెన్స్‌లో పాతవాళ్లు ఎవరూ మిగల్లేదు. అంతా జట్టు మీదికే నెట్టేయడానికి లేదు, ఈలై ఆట కూడా తగ్గింది, 2013లో 27 ఇంటర్‌సెప్షన్లు విసిరాడు. కానీ ఇంకో రకంగా ఆలోచించండి. 2012లోనే గాయపడి ఆట మానేసి ఉంటే అతని లెక్క 78-57, చేతిలో రెండు సూపర్ బౌల్‌లు. అప్పుడు ఎవరూ ఈ ప్రశ్న అడిగేవారు కాదు. ఏడేళ్లు ఓడే జట్టును వదలకుండా మోసినందుకు మనిషికి కోత పెట్టడం సరైన కొలత కాదని మా అభిప్రాయం.

ఆ రెండు సూపర్ బౌల్‌లలో అతను నిజంగా ఏం చేశాడు?

దీనికి కాస్త పొడుగు జవాబు కావాలి. ఈలై వాదనలో ప్రాణం ఇక్కడే ఉంది.

మొదటిది 2007 సీజన్. జెయింట్స్ 10-6తో ప్లేఆఫ్స్‌లోకి వచ్చింది. ఆ సీజన్‌లో ఈలై 20 ఇంటర్‌సెప్షన్లతో లీగ్‌లో అందరికంటే ముందున్నాడు (మరో ఇద్దరితో సమానంగా), అంటే ఎవరికీ నమ్మకం లేని దశ. అక్కడి నుంచి వరసగా టాంపా బే, డల్లస్, గ్రీన్ బే, మూడూ పరాయి మైదానాల్లోనే గెలుపులు. గ్రీన్ బేలో ఆట మొదలయ్యేసరికి చలి సున్నా ఫారెన్‌హీట్ కంటే కిందికి పోయింది. ఆ చలిలో 40 సార్లు విసిరి ఒక్క ఇంటర్‌సెప్షన్ కూడా ఇవ్వలేదు.

2008 ఫిబ్రవరి 3, అరిజోనాలోని గ్లెండేల్. ఎదురుగా 18 మ్యాచ్‌లకు 18 గెలిచిన న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్. ఆట ముగియడానికి 2 నిమిషాల 39 సెకన్లు ఉండగా, 14-10తో వెనకబడి, సొంత 17 గజాల గీత దగ్గర బంతి ఈలై చేతికొచ్చింది. ముందున్నది 83 గజాలు. గడియారం 1:15 చూపిస్తుండగా థర్డ్ అండ్ 5. పేట్రియట్స్ లైన్‌మెన్ ఇద్దరు, జార్విస్ గ్రీన్, రిచర్డ్ సీమోర్, అతని జెర్సీ పట్టుకుని లాగారు. పడిపోయాడనే అందరూ అనుకున్నారు. విదిలించుకుని, వెనక్కి జారి, మైదానం మధ్యలోకి ఎత్తుగా విసిరాడు. ఆ సీజన్ మొత్తంలో నాలుగే క్యాచ్‌లు పట్టిన డేవిడ్ టైరీ గాల్లోకి లేచి, పేట్రియట్స్ డిఫెండర్ రాడ్నీ హారిసన్ చేతులతో కొడుతున్నా, బంతిని తన హెల్మెట్‌కు అదిమిపెట్టుకుని నేల మీద పడ్డాడు. 32 గజాలు. కాసేపటికి ప్లాక్సికో బరెస్‌కు 13 గజాల టచ్‌డౌన్, ఇంకా 35 సెకన్లు మిగిలి ఉన్నాయి. 17-14.

రెండోది 2011 సీజన్. 9-7తో బొటాబొటిగా వచ్చిన జట్టు. 15-1తో సీజన్ ముగించిన గ్రీన్ బేను వాళ్ల గడ్డ మీదే 37-20తో ఓడించింది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఈలైని ఆరుసార్లు సాక్ చేశారు, అయినా 58 సార్లు విసిరాడు, ఒక్కటీ ఇంటర్‌సెప్ట్ కాలేదు. ఇండియానాపొలిస్‌లో మళ్లీ అదే పేట్రియట్స్. 3:46 మిగిలి ఉండగా 17-15తో వెనకబడి, బంతి సొంత 12 గజాల గీత దగ్గర. మొదటి విసురే ఎడమ గీత పక్కనుంచి 38 గజాలు. ఇద్దరు డిఫెండర్ల మధ్య అరచేతి మందం సందులో మారియో మానింగ్‌హామ్ చేతుల్లో పడింది, అతని రెండు పాదాలూ గీత లోపలే ఆనాయి. పేట్రియట్స్ కోచ్ రివ్యూ అడిగాడు, క్యాచ్ నిలబడింది. చివరికి 21-17. ఆ రోజు ఈలై 40 విసుర్లలో 30 పూర్తి చేశాడు, 296 గజాలు, ఇంటర్‌సెప్షన్ సున్నా.

టైరీ క్యాచ్‌లో అదృష్టం ఉంది, కాదనలేం. మానింగ్‌హామ్ విసురులో లేదు. క్వార్టర్‌బ్యాక్ పనితనం చూడాలంటే ఆ రెండో విసురును పదిసార్లు చూడమంటాం.

రెండుసార్లూ సూపర్ బౌల్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) ఈలైయే. ఆ అవార్డు ఒకటికి మించి అందుకున్న క్వార్టర్‌బ్యాక్‌లు: బార్ట్ స్టార్, టెర్రీ బ్రాడ్‌షా, జో మోంటానా, టామ్ బ్రేడీ, ఈలై, పాట్రిక్ మహోమ్స్. మొదటి ముగ్గురూ హాల్‌లో ఉన్నారు. బ్రేడీ గడువు ఇంకా రాలేదు, మహోమ్స్ ఇంకా ఆడుతున్నాడు. మిగిలింది ఈలై ఒక్కడే.

ఆ గెలుపులు డిఫెన్స్‌వి కదా?

2008 ఫిబ్రవరి మ్యాచ్ వరకు ఈ మాటలో బలం ఉంది. సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 36 పాయింట్లకు పైగా కొట్టిన పేట్రియట్స్‌ను 14 దగ్గర ఆపింది మైకేల్ స్ట్రేహన్, జస్టిన్ టక్, ఓసీ ఉమెన్యోరాల వరస. పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ బ్రేడీని ఐదుసార్లు సాక్ చేశారు. టైరీ క్యాచ్‌కు ముందు ప్రయత్నంలోనే ఈలై విసిరిన బంతి పేట్రియట్స్ డిఫెండర్ అసాంటే శామ్యూల్ వేళ్లకు తగిలి జారిపోయింది. అది పట్టుంటే ఇవాళ ఈ పేజీ రాయాల్సిన పనే ఉండేది కాదు.

2011 ప్లేఆఫ్స్‌కు మాత్రం ఆ మాట అతకదు. నాలుగు మ్యాచ్‌లలో 9 టచ్‌డౌన్లు, 1 ఇంటర్‌సెప్షన్, 1,219 గజాలు. ఒకే ప్లేఆఫ్స్‌లో అన్ని గజాలు అప్పటికి ఎవరూ విసరలేదు. ఆ రెగ్యులర్ సీజన్‌లో నాలుగో క్వార్టర్‌లో మాత్రమే 15 టచ్‌డౌన్ పాస్‌లు, అదీ రికార్డే. ఆ ఏడాది జట్టును నిలబెట్టింది ఈలై చెయ్యే.

ప్లేఆఫ్స్ లెక్క 8-4. మంచిదే కదా?

లోపలికి చూస్తే విచిత్రంగా ఉంటుంది. ఆ రెండేళ్లలో 8-0. మిగతా నాలుగుసార్లు వెళ్లినప్పుడు 0-4: 2005, 2006, 2008, 2016, నాలుగూ మొదటి మ్యాచ్‌లోనే ఇంటిదారి. ఆ ఎనిమిది గెలుపుల్లో 15 టచ్‌డౌన్లు, 2 ఇంటర్‌సెప్షన్లు. నాలుగు ఓటముల్లో 3 టచ్‌డౌన్లు, 7 ఇంటర్‌సెప్షన్లు. వ్యతిరేకించేవాళ్లు ఈ రెండో వరుసను, సమర్థించేవాళ్లు మొదటి వరుసను చూపిస్తారు. రెండూ నిజమే.

పాసర్ రేటింగ్ 84.1 ఎలా వచ్చింది? అది తక్కువా?

క్వార్టర్‌బ్యాక్ విసుర్ల నాణ్యతను ఒక్క అంకెలో చెప్పేది పాసర్ రేటింగ్, ఈలై కెరీర్ మొత్తానికి అది 84.1. లెక్క మీరే కట్టొచ్చు. కావాల్సినవి ఐదు అంకెలు: 8,119 విసుర్లు, 4,895 పూర్తయినవి, 57,023 గజాలు, 366 టచ్‌డౌన్లు, 244 ఇంటర్‌సెప్షన్లు.

పూర్తయినవాటి భిన్నం 0.603. అందులోంచి 0.3 తీసి 5తో గుణిస్తే 1.51. విసురుకు 7.02 గజాలు, అందులోంచి 3 తీసి 4తో భాగిస్తే 1.01. టచ్‌డౌన్లను విసుర్లతో భాగించి 20తో గుణిస్తే 0.90. ఇంటర్‌సెప్షన్లను విసుర్లతో భాగించి, 25తో గుణించి, 2.375లోంచి తీసేస్తే 1.62. నాలుగూ కలిపితే సుమారు 5.05. ఆరుతో భాగించి వందతో గుణిస్తే 84.1. ఒక్కో భాగం సున్నాకు తగ్గకూడదు, 2.375 దాటకూడదు. అందుకే గరిష్ఠం 158.3.

అతని కాలానికి ఇది మామూలు రేటింగే. దెబ్బ కొట్టింది నాలుగో భాగం. వంద విసుర్లకు మూడు ఇంటర్‌సెప్షన్లంటే ఎక్కువ. 2007, 2010, 2013, మూడు సీజన్లలో లీగ్‌లో ఎక్కువ ఇంటర్‌సెప్షన్లు ఇచ్చినవాడు అతనే. సీజన్ ఎంవీపీ ఎన్నడూ రాలేదు, ఏటా లీగ్‌లో అత్యుత్తములను ఎంచే ఆల్-ప్రో జట్టులో ఎన్నడూ లేడు. ప్రో బౌల్ (ఆల్-స్టార్ మ్యాచ్) పిలుపు నాలుగుసార్లు వచ్చింది. అతనికి వ్యతిరేకంగా ఉన్న అత్యంత గట్టి వాదన 117-117 కాదు, ఇదే: పదహారు సీజన్లలో ఒక్క ఏడాది కూడా లీగ్‌లో మొదటి ఇద్దరు ముగ్గురిలో ఒకడని ఎవరూ అనలేదు.

57,023 గజాలు, 366 టచ్‌డౌన్లు చాలవా?

ఆట మానేసేనాటికి రెండిట్లోనూ చరిత్రలో ఏడో స్థానం. కానీ అతని కెరీర్ అంతా విసుర్లకు అనువైన కాలంలో నడిచింది. రిసీవర్లను (విసిరిన బంతి పట్టేవాళ్లను) తాకడం మీద రిఫరీలు పట్టు బిగించిన 2004లోనే అతనూ లీగ్‌లోకి వచ్చాడు. సమకాలికులు ఫిలిప్ రివర్స్, బెన్ రోత్లిస్‌బర్గర్, మ్యాట్ రయాన్ ముగ్గురూ 60,000 గజాలు దాటారు. గజాల మొత్తం ఒక్కటీ పట్టుకుని వాదిస్తే గెలవరు.

ఇలాంటి లెక్కతో హాల్‌లోకి వెళ్లినవాళ్లు ఉన్నారా?

జో నేమత్. 173 టచ్‌డౌన్లు, 220 ఇంటర్‌సెప్షన్లు, గెలుపుల కంటే ఓటములు ఒకటి ఎక్కువ. 1969 జనవరిలో గెలిచిన ఒక్క సూపర్ బౌల్ అతన్ని 1985లో లోపలికి చేర్చింది.

ఎదురు ఉదాహరణ జిమ్ ప్లంకెట్. రెండు సూపర్ బౌల్‌లు గెలిచాడు, ఒకదానిలో ఎంవీపీ, ఇప్పటికీ బయటే ఉన్నాడు. గెలుపోటములు 72-72, అదీ సరిగ్గా సగమే! ఈలైని ప్లంకెట్‌తో పోల్చేవాళ్లు ఒకటి మర్చిపోతారు. ప్లంకెట్ టచ్‌డౌన్లు 164, ఇంటర్‌సెప్షన్లు 198. ఈలై టచ్‌డౌన్లు ఇంటర్‌సెప్షన్ల కంటే 122 ఎక్కువ. కాలం తేడా లెక్కేసినా ఇద్దరూ ఒక గాటన కట్టాల్సినవాళ్లు కారు.

మన హైదరాబాద్ లక్ష్మణ్‌ను తలచుకుంటే విషయం సులువుగా అర్థమవుతుంది. వరసగా 16 టెస్టులు గెలిచిన ఆస్ట్రేలియా మీద 2001లో కోల్‌కతాలో చేసిన 281ని ఎవరూ సగటు 45.97తో కొలవరు.

రివర్స్ మెరుగైన క్వార్టర్‌బ్యాక్ కదా? అతన్ని కాదని ఇతన్నా?

ఏడాది ఏడాదీ చూస్తే రివర్స్ నిలకడైనవాడు. 63,440 గజాలు, 421 టచ్‌డౌన్లతో 2020 సీజన్ తర్వాత ఆపాడు. ఒక్క సూపర్ బౌల్ కూడా ఆడలేదు. ఇద్దరి కథా 2004 డ్రాఫ్ట్‌లోనే (కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతుల వారీగా ఎంచుకునే కార్యక్రమం) ముడిపడింది. శాన్ డియాగో చార్జర్స్ మొదటి పేరుగా ఈలైని తీసుకుంది, అతను అక్కడ ఆడనన్నాడు. జెయింట్స్ నాలుగో పేరుగా తీసుకున్న రివర్స్‌నూ, ఇంకొన్ని పిక్‌లనూ (డ్రాఫ్ట్‌లో ఎంపిక వంతులనూ) ఇచ్చి ఈలైని తెచ్చుకుంది. రివర్స్ 2025 డిసెంబరులో 44 ఏళ్ల వయసులో మళ్లీ మైదానంలోకి దిగాడు కాబట్టి అతని ఐదేళ్ల గడువు మళ్లీ మొదటికొచ్చింది. ఈలైకి ఇది మేలే. ఇద్దరూ ఒకే జాబితాలో ఉంటే ఓట్లు చీలేవి.

210 మ్యాచ్‌లు వరసగా ఆడటం లెక్కలోకి వస్తుందా?

తప్పకుండా. 2004 నవంబరు నుంచి 2017 నవంబరు వరకు జెయింట్స్ ఆడిన ప్రతి రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌నూ అతనే మొదలుపెట్టాడు. ఆగిపోయేనాటికి క్వార్టర్‌బ్యాక్‌లలో బ్రెట్ ఫార్వ్ 297 మాత్రమే దాని పైన ఉంది. అదీ గాయంతో ఆగలేదు. 2017లో కోచ్ బెన్ మెక్‌అడూ అతన్ని పక్కనపెట్టి జీనో స్మిత్‌ను ఆడించాడు. జెయింట్స్ అభిమానులకు ఆ గాయం ఇప్పటికీ మానలేదు.

అన్న పేటన్ పేరు, 2016లో వచ్చిన మ్యాన్ ఆఫ్ ది ఇయర్ అవార్డు పనికొస్తాయా?

నియమం ప్రకారం ఆటగాళ్ల విషయంలో మైదానంలో జరిగిందే చూడాలి. సేవకు వచ్చిన అవార్డు లెక్కకు రాదు, చార్జర్స్‌కు ఆడనన్న మొండితనమూ రాదు. పేటన్ 2021లో హాల్‌లో చేరాడు. ఇంటిపేరు వల్ల ఈలైకి గుర్తింపు ఎక్కువ, పోలికా ఎక్కువ.

సమర్థించేవాళ్లు వాదనలో ఎక్కడ తప్పు చేస్తారు?

"రెండు రింగులు, అంతే" అంటారు, సూపర్ బౌల్ గెలిచినవాళ్లకు ఇచ్చే ఉంగరాల గురించి. ఉంగరాలు జట్టువి, ప్లంకెట్‌కూ ఉన్నాయి. ఆ వాదన అక్కడే తెగిపోతుంది. 117-117ను దాచబోతారు, ఎదుటివాళ్లు ఎలాగూ తీస్తారు. ముందు మీరే చెప్పి 78-57, 39-60గా విడగొట్టండి. తర్వాత 2011 ఒక్క ఏడాదిని విప్పి చూపించండి: 4,933 గజాలు, నాలుగో క్వార్టర్ టచ్‌డౌన్లు 15, ప్లేఆఫ్స్‌లో ఒక్కటే ఇంటర్‌సెప్షన్. టైరీ క్యాచ్‌తో మొదలుపెట్టకండి. "అదృష్టం" అన్న మాట వెంటనే వస్తుంది, సంభాషణ అక్కడే ఇరుక్కుంటుంది.

ఇంకా ఎన్నేళ్లు అవకాశం ఉంది? ఎప్పుడు రావొచ్చు?

ఆట మానేసి 25 ఏళ్లయ్యేదాకా మామూలు జాబితాలోనే ఉంటాడు, అంటే 2040ల మధ్య వరకు. ఆ తర్వాత సీనియర్ విభాగం. తొందర ఏమీ లేదు గానీ దారి ఇరుకు. 2027లో రోత్లిస్‌బర్గర్ వస్తాడు: అదే 2004 డ్రాఫ్ట్, అతనికీ రెండు సూపర్ బౌల్‌లు, 165 గెలుపులు. 2028లో బ్రేడీ, మ్యాట్ రయాన్. ఒకే ఏడాది ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లకు ఓటు వేయడానికి సభ్యులు వెనకాడతారు. బ్రేడీ దాటిపోయాక, 2029 నుంచి ఈలైకి నిజమైన అవకాశం కనిపిస్తోందని మా అంచనా. ప్రతి ఏటా పేర్ల జాబితా శరదృతువులో వస్తుంది, జనవరిలో ఓటు, సూపర్ బౌల్ వారంలో జరిగే ఎన్ఎఫ్ఎల్ (ఈ జట్లన్నీ ఆడే లీగ్) ఆనర్స్ కార్యక్రమంలో ప్రకటన, ఆగస్టులో కాంటన్‌లో కంచు విగ్రహం ఆవిష్కరణ.